ల్యాన్ కేబుల్ పెట్టినా నెట్ ఉండుండి పోతోందా? పోయిన క్షణంలోనే పట్టుకోవాలి

నెట్ మొత్తానికే పోతే పెద్ద బాధేం లేదండీ, పోయి కూర్చుంది కాబట్టి వరసపెట్టి ఒక్కోటి చూస్కుంటూ పోతే ఎక్కడో ఓచోట దొరికిపోతుంది. ఈ ఉండుండి పోయే రకం ఉంది చూశారూ, దీంతోనే తంటా అంతా. పది సెకన్లు పోతుంది, మనం కుర్చీలోంచి లేచి రౌటర్ దగ్గరికి వెళ్ళేసరికి ఏమీ ఎరగనట్టు లైట్లన్నీ మిణుకు మిణుకుమంటూ ఉంటాయి, ఇంట్లోవాళ్ళకి చూపిద్దామంటే అన్నీ బానే పనిచేస్తాయి, మళ్ళీ మీటింగ్‌లో మనం నోరు తెరిచిన టైమ్‌కి పోతుంది.

ఇలాంటప్పుడు చాలామంది చేసేదేంటంటే (నేనూ చేశా, అందుకే చెప్తున్నా) ఒకేరోజు రౌటర్ రీసెట్ కొట్టి, డ్రైవర్ (ల్యాన్ పోర్ట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్ళీ ఎక్కించి, కేబుల్ మార్చి, పోర్ట్ కూడా మార్చేస్తారు. రెండ్రోజులు బాగుంటుంది. హమ్మయ్య అనుకుంటాం. మూడోరోజు మళ్ళీ మొదలు. ఇప్పుడు ఆ నాలుగిట్లో దేనివల్ల రెండ్రోజులు ఆగిందో, లేక అసలు దానంతటదే ఆగిందో చెప్పండి చూద్దాం, ఎవరివల్లా కాదు. చీకట్లో రాళ్ళేయడమే అది. కాబట్టి బాగున్నప్పుడు ఎంత వెతికినా దండగ, పోయిన ఆ పది సెకన్లలో ఏం పోయిందో చూస్తే మాత్రం సగం పని అయిపోయినట్టే. మిగతాదంతా ఆ పది సెకన్ల కోసం కాపు కాయడమే.

మొదలుపెట్టే ముందు వైఫై ఆపేయండి

ల్యాప్‌టాప్ అయినా, వైఫై ఉన్న డెస్క్‌టాప్ అయినా, టెస్ట్ చేసినన్నాళ్ళూ వైఫై ఆఫ్‌లో పెట్టండి. కేబుల్ రెండు సెకన్లు తెగగానే విండోస్ మనకి చెప్పాపెట్టకుండా వైఫై మీదకి దూకేస్తుంది, కేబుల్ రాగానే మళ్ళీ ఇటు వచ్చేస్తుంది. మనకి కనిపించేది "అప్పుడప్పుడు స్లో అవుతోంది" అని మాత్రమే. కేబుల్ సంగతి అలా నెలల తరబడి బయటపడదు.

లైట్ ఆరిందా, వెలుగుతూనే ఉందా

కంప్యూటర్ వెనక ల్యాన్ పోర్ట్ పక్కన చిన్న లైట్లు ఉంటాయి, రౌటర్ మీదో స్విచ్ (ఒక ల్యాన్ కనెక్షన్‌ని నాలుగైదు పోర్టులకి పంచే చిన్న డబ్బా) మీదో కూడా ఆ పోర్ట్‌కి ఒక లైట్ ఉంటుంది. నెట్ పోయిన వెంటనే ముందు చూడాల్సింది అదే, బ్రౌజర్ కాదు. ఏ రంగు అంటే ఏ స్పీడ్ అన్నది ఒక్కో తయారీకి ఒక్కోలా ఉంటుంది, అందుకని బాగున్నప్పుడు ఏ రంగులో ఉందో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

లైట్ ఆరిపోయిందంటే కరెంటు సిగ్నలే అటూ ఇటూ చేరట్లేదన్నమాట, అంటే కేబులో, ప్లగ్గో, పోర్టో, స్విచ్‌కి పవరో, లేదా కంప్యూటరే పోర్ట్‌ని నిద్రపుచ్చడమో. లైట్ వెలుగుతూనే ఉండి నెట్ లేదంటే కథ వేరే, అప్పుడు ఐపీ అడ్రస్సులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబర్లు), లూపులు, రౌటర్ హ్యాంగ్ అవడం, బయట లైన్ పోవడం లాంటివి చూడాలి. ఈ ఒక్క తేడా తెలుసుకోకుండా డ్రైవర్ల వెంట పడితే పుండు ఒకచోట మందు ఒకచోట అయిపోతుంది.

ఇరవై నాలుగ్గంటలూ లైట్ ముందు కూర్చోలేం కదా, అందుకని కంప్యూటర్నే కాపలా పెడదాం. రెండు కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు తెరవండి. ఒకదాంట్లో పింగ్ (అవతలివాళ్ళని ఉన్నావా అని అడిగి జవాబు కోసం చూసే కమాండ్) అని కొట్టి, స్పేస్ ఇచ్చి, మైనస్ టీ అని కొట్టి, మళ్ళీ స్పేస్ ఇచ్చి మీ రౌటర్ అడ్రస్ ఇవ్వండి, మామూలుగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది, తెలీకపోతే ఐపీకాన్ఫిగ్ అని కొడితే డీఫాల్ట్ గేట్‌వే అన్నదాని పక్కన కనిపిస్తుంది. రెండోదాంట్లో అదే కమాండ్‌తో 8.8.8.8 ఇవ్వండి, ఇది గూగుల్ వాళ్ళ డీఎన్ఎస్ సర్వర్ (సైట్ పేరు చెప్తే దాని అడ్రస్ చెప్పేది), ఇంటి బయట ఉంది కదా అని వాడుకుంటాం. రెండూ పక్కపక్కన పెట్టి మీ పని మీరు చూస్కోండి.

పోయినప్పుడు రెండూ ఆగిపోతే గొడవ ఇంట్లోనే, మీకూ రౌటర్‌కీ మధ్య. రౌటర్ పింగ్ చక్కగా నడుస్తూ బయటిది మాత్రం ఆగిందంటే మీ కేబుల్ తప్పేం లేదు, బయట నుంచి వచ్చే లైన్‌దో, రౌటర్‌లో ఆ వైపుదో. రెండూ నడుస్తూనే సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్ఎస్ మీద అనుమానం పెట్టుకోండి, అదైతే సర్వర్ అడ్రస్ మారిస్తే తేలిపోతుంది.

పింగ్ ఏం రాసిందో కూడా చదవాలి, ఆగింది అనుకుని ఊరుకోకూడదు. జనరల్ ఫెయిల్యూర్ అని వస్తే చాలావరకు అసలు లింకే పడిపోయింది, అంటే లైట్ ఆరిన కేసు. డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని మీ సొంత అడ్రస్ నుంచే జవాబు వస్తే లింక్ ఉంది గానీ ఆ అడ్రస్‌లో ఎవరున్నారని అడిగితే ఎవరూ పలకట్లేదు. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అంటే పంపింది, తిరిగి రాలేదు, అంతవరకే. వైర్ మీద రౌటర్‌కి పింగ్ మామూలుగా 1 మిల్లీసెకన్ లోపే రావాలి, ఎప్పుడో ఒకసారి 10కో 20కో ఎగిరితే పట్టించుకోకండి, చాలా రౌటర్లు పింగ్‌కి జవాబివ్వడాన్ని తీరిగ్గా చేసే పనిలా చూస్తాయి. వరసగా ఎగురుతుంటే మాత్రం చూడాలి.

విండోస్ పింగ్‌లో ఏ గంటకి పోయిందో ఆ టైమ్ పడదు, అదొక లోటు. టైమ్ కావాలంటే ఈవెంట్ వ్యూయర్ తెరిచి అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్ లోపల మైక్రోసాఫ్ట్, దాంట్లో విండోస్, దాంట్లో నెట్‌వర్క్‌ప్రొఫైల్, దాంట్లో ఆపరేషనల్ అని ఉంటుంది, అక్కడ ఈవెంట్ నంబర్ 10001 అంటే నెట్‌వర్క్ తెగింది, 10000 అంటే కలిసింది. టైమ్‌తో సహా వరసగా ఉంటాయి, నిన్న మధ్యాహ్నం మీరు ఇంట్లో లేనప్పుడు పోయినవి కూడా. ఇంటెల్ కార్డ్ ఉన్నవాళ్ళకి సిస్టమ్ లాగ్‌లో 27 అనే నంబర్‌తో లింక్ డిస్కనెక్ట్ అయిందని కూడా పడుతుంది. లైనక్స్ వాళ్ళకి ఇంకా సుఖం, డీమెసేజ్ (dmesg) అనే కమాండ్ కొట్టి చూస్తే లింక్ డౌన్, లింక్ అప్, ఎంత స్పీడ్‌తో కలిసింది అన్నీ రాసి ఉంటాయి.

ఆ టైములు ఒక కాగితం మీద రాసుకుంటే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. మధ్యాహ్నం ఎండలోనే పోతోందా, వాన పడ్డాకే పోతోందా (బయట గోడ మీంచి కేబుల్ వెళ్ళిన ఇళ్ళల్లో), ఫ్రిజ్ మోటార్ ఆన్ అయినప్పుడా, సరిగ్గా గంటకోసారా, కంప్యూటర్ కాసేపు వాడకుండా వదిలేసినప్పుడా.

నా గోల

నా డెస్క్‌టాప్‌కి రోజుకి మూడు నాలుగుసార్లు పోయేది. డ్రైవర్లు మార్చా, విండోస్ కూడా మళ్ళీ ఎక్కించా, అదో ఆదివారం మొత్తం పోయింది. మా అన్నయ్య ఫోన్ చేసి "ఒరేయ్, ఎప్పుడు పోతోందో ఒకసారి రాయరా ముందు" అన్నాడు, విసుగ్గానే రాశా. రాస్తే తేలిందేంటంటే ప్రతిసారీ నేను పనికి కూర్చున్నప్పుడో లేచినప్పుడో పోతోంది, మధ్యలో ఒక్కసారి కూడా పోలేదు! టేబుల్ కిందకి దూరి టార్చ్ వేసి చూస్తే, కీబోర్డ్ పెట్టుకునే సొరుగు ఉంది చూడండి, అది లాగినప్పుడల్లా దాని వెనక అంచు ల్యాన్ కేబుల్‌ని కొంచెం నెడుతోంది. కొంచెమంటే కొంచెమే, వేలి మందం కూడా లేదు. మామూలుగా అయితే ఆ మాత్రానికి ఏం కాదు, కానీ సీపీయూ వెనక ప్లగ్‌కి ఆ ప్లాస్టిక్ క్లిప్ ఉంటుంది కదా, టక్కుమని శబ్దం చేసేది, అది ఎప్పుడో విరిగిపోయింది. ప్లగ్ పోర్ట్‌లో కూర్చునే ఉంది, చూస్తే ఎవరికీ అనుమానం రాదు. వేలితో లోపలికి నొక్కితే ఆకుపచ్చ లైట్, వదిలితే ఒక క్షణం అలాగే ఉండి నారింజకి మారుతుంది, ఇంకొంచెం కదిలిస్తే ఆరిపోతుంది. కొండని తవ్వి ఎలకని పట్టినట్టయింది, కానీ ఆ ఎలక కోసమే కదా విండోస్ కూడా మళ్ళీ ఎక్కించింది.

లైట్ ఆరిపోయే కేసు: కేబుల్, ప్లగ్, పోర్ట్

ఆ ఆకుపచ్చ నుంచి నారింజకి మారడం ఉంది చూశారా, అది చాలా విషయం చెప్తుంది. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది వైర్లు, రెండేసి మెలితిప్పి నాలుగు జతలు. 100 ఎంబీపీఎస్‌కి అందులో రెండు జతలే చాలు, ప్లగ్‌లో 1, 2, 3, 6 పిన్నులు. గిగాబిట్‌కి (అంటే 1 జీబీపీఎస్‌కి) మాత్రం నాలుగు జతలూ కావాలి. కాబట్టి నిన్నటిదాకా 1 జీబీపీఎస్ చూపించిన కనెక్షన్ ఇవాళ 100 చూపిస్తుంటే ఏదో ఒక వైరు సరిగ్గా తగలట్లేదని గట్టిగా అనుమానించొచ్చు. విండోస్‌లో నెట్‌వర్క్ కనెక్షన్స్‌లోకి వెళ్ళి ఈథర్నెట్ మీద డబుల్ క్లిక్ చేస్తే స్పీడ్ కనిపిస్తుంది. రెండు మూడు రోజులు చూస్తూ ఉండండి, ఒకసారి 1 జీబీ, ఒకసారి 100 అని ఊగుతుంటే ఇంక కేబుల్ వదిలి పక్కకి పోవద్దు.

ఇప్పుడు పింగ్ నడుస్తుండగానే కేబుల్‌ని ఒక చివర నుంచి రెండో చివరదాకా మెల్లగా కదుపుతూ వెళ్ళండి. ముందు రెండు ప్లగ్గుల దగ్గర, ఎందుకంటే తొంభై పాళ్ళు జబ్బు అక్కడే ఉంటుందని నా లెక్క, తర్వాత తలుపు సందులో నలిగిన చోట, కుర్చీ చక్రం ఎక్కే చోట, మూలల్లో మడత పెట్టి మేకు కొట్టిన చోట, ఎలకలు తిరిగే అటక మీద. ఎలక కొరికిన కేబుల్ పైకి పెద్దగా తెలీదు, చేత్తో తడుముకుంటూ పోతే గరుగ్గా తగులుతుంది. కేబుల్‌ని దాని మందానికి కనీసం నాలుగు రెట్ల వ్యాసార్థంతో గుండ్రంగా తిప్పాలే గానీ కాగితం మడిచినట్టు మడవకూడదు.

కదిపితే ఏం తేలకపోతే అప్పుడు మార్చి చూడటం. ఇక్కడ రెండు మాటలు. ఒకటి, పెట్టే కేబుల్ మంచిదని తెలిసినది అయ్యుండాలి, అంటే కొత్తది అని కాదు, ఇంకో కంప్యూటర్‌కి పెట్టి ఒకరోజు ఏ గొడవా లేకుండా నడిచినది. కవర్ తీసిన రోజునుంచే పాడైన కేబుళ్ళు నేను చూశా. రెండు, ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చాక ఓపిగ్గా ఆగండి. రోజుకి మూడుసార్లు పోయేదైతే కనీసం రెండ్రోజులు పోకుండా ఉంటే తప్ప బాగుపడిందనుకోకండి, వారానికోసారి పోయేదైతే ఇంక మీ ఓపిక.

గోడలోంచి వెళ్ళే కేబుల్, గోడకి సాకెట్, మధ్యలో స్విచ్ ఇవన్నీ ఉన్న ఇంట్లో అయితే వాటన్నిటినీ తప్పించి ఒక పొడుగు కేబుల్‌ని నేల మీదే పరిచి రౌటర్ నుంచి కంప్యూటర్‌కి నేరుగా పెట్టండి, ఒకట్రెండు రోజులు కాళ్ళకి అడ్డం పడుతుంది, తిట్లు కూడా పడతాయి, భరించాలి. అది నిలకడగా ఉంటే అప్పుడు స్విచ్ మధ్యలో చేర్చి చూడండి, తర్వాత గోడ సాకెట్. కేబుల్ లాగడం కష్టం అయితే ల్యాప్‌టాప్‌నే రౌటర్ పక్కకి తీసుకెళ్ళి చిన్న కేబుల్‌తో పెట్టినా అదే తేలుతుంది.

సొంతంగా ప్లగ్గులు కొట్టుకునేవాళ్ళకి కొంచెం చెప్పాలి. రంగుల వరస రెండు వైపులా ఒకటే ఉంటే చాలు ఏ వరసైనా పర్లేదు అనుకునేవాళ్ళు ఉన్నారు, అది తప్పు. వరస ఏంటంటే: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. దీన్ని టీ568బీ అంటారు. ఇందులో ఆకుపచ్చ జత 3, 6 పిన్నుల్లో విడిగా కూర్చోవడం చూసి కొందరు "పక్కపక్కనే పెడితే నీటుగా ఉంటుంది కదా" అని రంగులు జతలుజతలుగా సర్దేస్తారు. అలా చేస్తే 3, 6 పిన్నులకి వెళ్ళే వైర్లు ఒకదానితో ఒకటి మెలితిరిగినవి కావు, వేరువేరు జతల్లోవి. ఎనిమిది లైట్ల చవక టెస్టర్ పెడితే 1 నుంచి 8 దాకా చక్కగా వెలుగుతాయి, పాస్ అయిందనుకుంటాం. కానీ మెలికే కదా బయటి గోలని లోపలికి రాకుండా ఆపేది, అది లేకపోతే ఒక జతలో సిగ్నల్ ఇంకో జతలోకి కారిపోతుంది, కేబుల్ చిన్నదైతే నడుస్తుంది, పొడుగైతే ఉండుండి పోతుంది. టెస్టర్‌ని నమ్మకూడదని కాదు, అది వైరు ఈ చివర నుంచి ఆ చివరకి తెగకుండా ఉందా అన్నది చెప్తుంది, అంతకుమించి చెప్పలేదు. ఒక చిట్కా, టెస్టర్ తిరుగుతుండగా ప్లగ్‌ని అటూ ఇటూ కదపండి, లూజ్ ఉంటే ఏదో ఒక లైట్ మిస్ కొడుతుంది.

మెలికని ప్లగ్ దగ్గర 13 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ విప్పకండి, పై తొడుగు ప్లగ్ లోపలిదాకా వెళ్ళి ఆ ప్లాస్టిక్ నొక్కు కింద ఉండాలి, లేకపోతే లాగినప్పుడల్లా బరువు సన్న వైర్ల మీద పడుతుంది. గోడలో వేసే కేబుల్‌కి లోపల ఒకే గట్టి తీగ ఉంటుంది, టేబుల్ మీద వాడే మెత్తటి కేబుల్‌కి సన్న తీగల కట్ట ఉంటుంది, ప్లగ్గులు కూడా వాటికి తగ్గట్టు వేరే ఉంటాయి, ఒకదానికి ఇంకోటి కొడితే ఆ రోజుకి నడుస్తుంది. అలాగే కొన్ని కేబుళ్ళలో రాగి పైపూతే, లోపల అల్యూమినియం ఉంటుంది, సీసీఏ అని రాసి ఉంటుంది (అసలు రాయనివి కూడా ఉంటాయి). నాలుగుసార్లు వంచితే విరుగుతుంది, ప్లగ్ దగ్గర పట్టు నెమ్మదిగా వదులైపోతుంది. బ్లేడుతో గీకి చూడండి, రాగి లేచిపోయి వెండిరంగు తేలితే అదే. మధ్యలో తెగిన కేబుల్‌ని మెలిపెట్టి ఇన్సులేషన్ టేప్ చుట్టిన చోటు ఎక్కడైనా ఉంటే మాత్రం ఇంక ఏ టెస్టూ అక్కర్లేదు, ముందు దాన్ని తీసేయండి.

పొడవు 100 మీటర్లు దాటకూడదు, ఇళ్ళల్లో అంత రాదు లెండి.

కేబుల్ మంచిదే అయితే పోర్ట్. రౌటర్‌లో పక్క పోర్ట్‌కి మార్చి చూడండి. ఉరుముల వానలో పిడుగు దగ్గర్లో పడితే పోర్ట్ మొత్తం చావకుండా సగం చచ్చి ఇలా ఏడిపించే కేసులు ఉంటాయి. కంప్యూటర్ వైపు పోర్ట్ మీద అనుమానం ఉంటే ఒక యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ పెట్టి నాలుగురోజులు నడపండి, దాంతో నిలకడగా ఉంటే తేలిపోయినట్టే. యూఎస్‌బీ హబ్‌కి కాకుండా నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి.

పవర్ అడాప్టర్‌ని ఎవరూ అనుమానించరు

రౌటర్ వెనక, స్విచ్ వెనక వేలాడే ఆ నల్ల అడాప్టర్ ఏళ్ళ తరబడి వేడిలో ఉండి ఉండి లోపల కెపాసిటర్లు ఎండిపోతాయి. మామూలుగా నడుస్తుంది, లోడ్ పెరిగినప్పుడో, ఇంట్లో మోటార్ ఏదైనా ఆన్ అయి వోల్టేజ్ ఒక్క క్షణం కుంగినప్పుడో రౌటర్‌కి ఊపిరి ఆగుతుంది. గుర్తుపట్టడం తేలికే, మీ ఒక్క కంప్యూటరే కాదు, ఆ స్విచ్‌కి తగిలించినవన్నీ ఒకేసారి పోతాయి, లైట్లన్నీ ఒక్కసారి ఆరి ఒక్కసారి వెలుగుతాయి. రౌటర్ అయితే దాని సెట్టింగ్స్ పేజీలో అప్‌టైమ్ అని ఉంటుంది, మీరు ఆపకుండానే అది గంటల్లో చూపిస్తుంటే ఆ మధ్య తనంతట తనే రీస్టార్ట్ అయిందన్నమాట. మల్టీమీటర్ పెట్టి "12 వోల్టులు వస్తున్నాయి కదా, బానే ఉంది" అనుకోకండి, ఏం తగిలించకుండా కొలిస్తే చచ్చిన అడాప్టర్ కూడా సరిగ్గానే చూపించొచ్చు. వేరేది పెట్టి చూడటమే దారి, వోల్టులు అంతే ఉండాలి, ప్లస్ మైనస్ వైపులు అవే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి.

కంప్యూటరే నిద్రపుచ్చుతోందేమో

కాసేపు వాడకుండా వదిలేస్తేనే పోతోందంటే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్‌కి వెళ్ళి పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపేయొచ్చు అనే టిక్ తీసేయండి. పక్కనే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్ అనో, గ్రీన్ ఈథర్నెట్ అనో ఉంటుంది. మొదటిది 2010లో వచ్చిన 802.3ఏజెడ్ అనే పద్ధతి, డేటా లేనప్పుడు లింక్‌ని కునుకు తీయనిస్తుంది, అటువైపు స్విచ్‌కి ఇది సరిగ్గా రాకపోతే లేపేటప్పుడు తడబడతారు ఇద్దరూ. ఆఫ్ చేసి చూడండి, పోయేదేం లేదు. 2.5 జీబీ పోర్ట్ ఉన్నవాళ్ళు టెస్ట్ కోసం స్పీడ్ అండ్ డూప్లెక్స్‌లో 1 జీబీకి దించి చూడండి, దాంతో ఆగిపోతే కేబుల్‌దో డ్రైవర్‌దో తేల్చుకోవడం సులువు.

కానీ అదే చోట 100 ఎంబీ ఫుల్ డూప్లెక్స్ అని పెట్టేసి "స్థిరంగా ఉంది" అని వదిలేయకండి. మనవైపు గట్టిగా కట్టేస్తే అటువైపు ఆటోలో ఉన్న స్విచ్‌కి మనం ఫుల్లా (పంపడం, అందుకోవడం ఒకేసారి) హాఫా (ఒకసారికి ఒక్కటే) అన్నది తెలీదు, హాఫ్ అనుకుంటుంది, అప్పుడు లింక్ పడిపోదు గానీ ప్యాకెట్లు (డేటా ముక్కలు) గుద్దుకుంటూ పెద్ద ఫైల్ పంపగానే నత్తనడక అవుతుంది. ఒక జబ్బు పోయి ఇంకో జబ్బు. టెస్ట్ అవగానే ఆటోకి మార్చేయండి.

డ్రైవర్ మార్చాలనుకుంటే ఇప్పుడు మార్చండి, మొదట కాదు.

లైట్ వెలుగుతోంది, నెట్ లేదు

పోయినప్పుడు ఐపీకాన్ఫిగ్ కొట్టి చూడండి. 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే రౌటర్‌ని అడ్రస్ అడిగితే జవాబు రాలేదని, కంప్యూటర్ తనే ఒకటి పెట్టుకుందని అర్థం. సరిగ్గా లెక్కపెట్టినట్టు ఒకే వ్యవధిలో పోతుంటే అడ్రస్ లీజ్ (రౌటర్ ఇచ్చిన అడ్రస్‌కి ఉండే గడువు) మీద కన్నేయండి, లీజ్ సగం గడిచాక కంప్యూటర్ దాన్ని పొడిగించమని అడుగుతుంది, అక్కడ రౌటర్ తిక్కగా ఉంటే గడువు తీరాక పోతుంది.

నాకు బాగా నచ్చిన టెస్ట్ ఒకటుంది. బాగున్నప్పుడు ఆర్ప్ మైనస్ ఏ అని కొట్టి, రౌటర్ అడ్రస్ పక్కన ఉన్న పన్నెండు అక్షరాల మ్యాక్ నంబర్ (ఒక్కో పరికరానికి తయారీలోనే పెట్టే గుర్తు) రాసి పెట్టుకోండి. పోయినప్పుడు మళ్ళీ అదే కొట్టండి. నంబర్ మారిందా? అయితే ఇంట్లో ఇంకెవరో రౌటర్ అడ్రస్ పెట్టుకుని కూర్చున్నారు! పాత రౌటర్‌ని స్విచ్‌లా వాడుకుందామని తగిలించి దాని అడ్రస్ మార్చకపోతే ఇదే జరుగుతుంది, రెండూ 192.168.1.1, ఎవరు ముందు పలికితే వాళ్ళే రౌటర్. పాతదాని అడ్రస్ మార్చండి, దాంట్లో డీహెచ్‌సీపీ (అందరికీ అడ్రస్సులు పంచే పని) ఆపండి, కేబుల్‌ని వ్యాన్ అని రాసున్న పోర్ట్‌కి కాకుండా మామూలు ల్యాన్ పోర్ట్‌కి పెట్టండి. చేత్తో అడ్రస్ పెట్టిన ప్రింటర్, కెమెరా లాంటివి మీ కంప్యూటర్ అడ్రస్సే పెట్టుకున్నా ఇలాంటి గొడవే, ప్రింటర్ ఆన్ చేసినప్పుడే నెట్ పోతోందంటే ఇదే.

లూప్ కూడా ఒకటి ఉంది. టేబుల్ కింద ఖాళీగా వేలాడే కేబుల్ చివర చూసి ఎవరో పాపం మంచికే స్విచ్‌లో గుచ్చుతారు, దాని రెండో చివర ఆల్రెడీ అదే స్విచ్‌లో ఉంటుంది. ఇంక ఒకే ప్యాకెట్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, స్విచ్ లైట్లన్నీ ఒకేసారి పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటాయి, ఇల్లంతా నెట్ పోతుంది. ఒక్కో కేబుల్ పీకుతూ రండి, ఏది పీకితే లైట్లు శాంతిస్తాయో అదే.

లింకూ పోదు, అడ్రస్సూ బానే ఉంది, కానీ పెద్ద ఫైళ్ళప్పుడే తేడా చేస్తోందంటే నెట్‌స్టాట్ మైనస్ ఈ కొట్టి ఎర్రర్స్ అన్న వరస చూడండి. ఇంట్లోనే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి కొన్ని జీబీల ఫైల్ కాపీ పెట్టి మళ్ళీ చూడండి. సున్నా ఉంటే మంచిది, కాపీ జరిగేకొద్దీ అంకె పెరుగుతుంటే మళ్ళీ కేబుల్ దగ్గరికే రావాలి, కరెంటు వైర్లతో పాటు ఒకే పైపులో చాలా దూరం కలిసి వెళ్తోందేమో కూడా చూడండి, విడదీయడమో, దాటాల్సిన చోట అడ్డంగా దాటించడమో చేయాలి.

ఇక రౌటర్ పింగ్ ఒక్కటి కూడా మిస్ కాకుండా బయటి పింగే పోతోందని తేలితే మీరు చేయగలిగింది పెద్దగా లేదు, నెట్ ఇచ్చేవాళ్ళకి ఫోన్ చేయాల్సిందే. "రౌటర్ రీస్టార్ట్ చేశారా" అని ఎలాగూ అడుగుతారు. రెండు పింగ్ కిటికీలూ పక్కపక్కన ఉన్న స్క్రీన్‌షాట్, పోయిన టైముల కాగితం దగ్గర పెట్టుకుని మాట్లాడండి, మాట తొందరగా ముందుకి కదులుతుంది.

బాగయ్యాక ఆ పాడైన కేబుల్‌ని "ఎందుకైనా పనికొస్తుంది" అని డబ్బాలో మాత్రం వేయకండి, ముందు రెండు చివర్లా ప్లగ్గులు కత్తిరించేయండి. నేను ఆ క్లిప్ విరిగిన కేబుల్‌ని చుట్టచుట్టి జాగ్రత్తగా దాచా. ఆర్నెల్ల తర్వాత టీవీకి నెట్ ఉండుండి పోతుంటే రెండ్రోజులు రౌటర్‌ని తిట్టుకుని, టీవీ వెనక చెయ్యి పెట్టి తడిమితే ప్లగ్‌కి క్లిప్ లేదు.